అమ్మ మాటకు దుబాసీ

మేము పుట్టుకతోనే దుబాసీలం. ఈ పని మాకెవరూ నేర్పలేదు. జీతం ఎవరూ ఇవ్వలేదు. రెండో క్లాసు పుస్తకం కూడబలుక్కుని చదవడం రాగానే అమ్మీ వెంట దవాఖానాకు, నానీ వెంట రేషన్ షాపుకు, అబ్బా వెంట కరెంటాఫీసుకు బయల్దేరాం. ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట. ఈ రెంటికీ మధ్య గడప మీద నిలబడి పెరిగాం.

ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అని మేమంటాం. లక్నో ఉర్దూ తెలిసినవాళ్ళు విని అది ఉర్దూ కాదు, దక్కనీ అని నవ్వుతారు. బడిలో మేం మాట్లాడిన తెలుగు విని తోటి పిల్లలు నవ్వారు. 'నమ్మల్కి, నిమ్మల్కి' అంటూ తెలుగు సినిమా మా నోట్లో పెట్టిన తెలుగు మా ఇళ్ళల్లో మేమెన్నడూ వినలేదు. అయినా అదే మా తెలుగని లోకం నమ్మింది. రెండువైపులా నవ్వుల పాలవుతూనే రెండువైపులా మాటలు మోశాం.

మోసిన మాటలన్నీ సరిగ్గా చేరాయా? ఈ ప్రశ్న మేం చాలాకాలం వేసుకోలేదు. వేసుకోడానికి భయపడ్డాం. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక దవాఖానా సంగతి చెప్పాలి.

మాలో ఒకడు పదకొండేళ్ళప్పుడు అమ్మీతో కలిసి పెద్ద దవాఖానాకు వెళ్ళాడు. బల్ల అవతల మగడాక్టరు. వెనక పొడుగాటి క్యూ. 'ఏమైందో చెప్పమను' అన్నాడు డాక్టరు. అమ్మీ బురఖా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి, కొడుక్కి కూడా సరిగా వినపడనంత చిన్నగా చెప్పింది: 'మహీనా ఆయా తో రుక్తాచ్ నై.' నెలసరి వస్తే ఆగడమే లేదని. వాడికి ప్రతి మాటా తెలుసు. మహీనా తెలుసు, ఆగడం తెలుసు. వాటిని కలిపితే వచ్చేదేమిటో సగమే తెలుసు. అది క్యూ ముందు నిలబడి పైకి అనే మాట కాదని మాత్రం పూర్తిగా తెలుసు. 'కడుపు నొప్పంట సార్' అన్నాడు.

డాక్టరు కడుపునొప్పికి బిళ్ళలు రాశాడు. అమ్మీ అవి నెలల తరబడి మింగింది. ఒకరోజు వాకిట్లో బట్టలుతుకుతూ పడిపోయింది. ఒంట్లో రక్తం లేదన్నారు. రెండో దవాఖానాలో ఒక నర్సమ్మ ఉంది. ఆమెకు ఉర్దూ ముక్క రాదు, అమ్మీకి తెలుగు రాదు. నర్సమ్మ అమ్మీ ముఖం చూసింది. పక్కన నిలబడ్డ పిల్లాణ్ణి చూసింది. 'నువ్వు బయట కూర్చో నాయనా' అంది. వార్డులో ఊడ్చే ఖాలాను కేకేసి, తలుపు దగ్గరికి వేసింది. పది నిమిషాల్లో అసలు రోగం బయటపడింది.

మేం ఈ రెండు దవాఖానాల మధ్య తేడా గురించి చాలా ఏళ్ళు ఆలోచించాం. మొదటిచోట రెండు భాషలూ తెలిసినవాడున్నాడు, మాట చేరలేదు. రెండోచోట భాష తెలియని నర్సమ్మ ముందుగా మనిషిని గుర్తుపట్టింది, తర్వాత మాటను వెతికించుకుంది. ఏ మాట ఎవరి ముందు పలకవచ్చో, ఎవరి ముందు పలకకూడదో ఆమెకు తెలుసు. అది నిఘంటువులో దొరికే తెలివి కాదు.

మాట తప్పుగా చెప్పిన పిల్లాడిది తప్పా? కాదంటాం. పదకొండేళ్ళ పిల్లాడి చేత తల్లి శరీరం గురించి చెప్పించిన ఏర్పాటుది తప్పు. కానీ ఆ తప్పు పేరేమిటో తేల్చుకోకపోతే రేపు మరో పిల్లాడు అదే బల్ల ముందు నిలబడతాడు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్ ప్రకారం, ముద్దాయికి అర్థంకాని భాషలో సాక్ష్యం చెబితే దాన్ని అతనికి అర్థమయ్యే భాషలో బాహాటంగా కోర్టులోనే చెప్పాలి. దుబాసీ నిజమైన అర్థాన్నే చెప్పితీరాలని 282వ సెక్షన్ అంది. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులోనూ ఈ రెండు నియమాలు ఉన్నాయి. 1969 నాటి ప్రమాణాల చట్టం సాక్షితో పాటు దుబాసీ చేత కూడా ప్రమాణం చేయిస్తుంది. అంటే దుబాసీ సత్యానికి బద్ధుడని చట్టం ఒప్పుకుంది. నిజమైన అర్థమంటే ఏమిటన్నది మాత్రం చెప్పలేదు. మా ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

పైన మేం వాడిన 'ముద్దాయి' అనే మాటనే తీసుకోండి. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. నేరం మోపబడినవాణ్ణి ముద్దాలేహ్ అంటారు. అరబ్బీ నుంచి పారశీ మీదుగా, ఉర్దూ మీదుగా కచేరీల్లోకి వచ్చిన మాట తెలుగులో దిగేసరికి బోను ఇటునుంచి అటు మారింది. ఉర్దూలో చదువుకున్న పెద్దమనిషితో 'నువ్వు ఈ కేసులో ముద్దాయివి' అంటే, తన ఫిర్యాదు కాగితం మీదికెక్కిందని సంతోషంగా తలూపినా ఊపవచ్చు. ఆ తలూపుడును ఒప్పుకోలు కింద రాసుకుంటే? దరఖాస్తు, జామీను, వకాల్తా, హాజరు, నకలు, వాయిదా. తెలుగు కోర్టు మాటల్లో సగం మావే అని మేం మురిసిపోతాం. చుట్టాల్లా కనిపించే మాటలే ఎక్కువ మోసం చేస్తాయి.

పర్సోం అంటే హిందీ పుస్తకంలో మొన్న, లేదా ఎల్లుండి. హైదరాబాద్ దక్కనీలో పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, రెండేళ్ళ కిందట కూడా కావచ్చు. గడిచిన రోజేదైనా పర్సోమే. తెలుగులో 'మొన్నామధ్య' అన్నట్టు. ఈ అలవాటు తెలిసిన దుబాసీ, 'ఏ రోజు చాచా? పండగకు ముందా, తర్వాతా?' అని అడిగి, వచ్చిన జవాబు చెబుతాడు. తెలియనివాడు తేదీ లెక్కగట్టి చెబుతాడు. కాగితం మీది తేదీకి, నోటి తేదీకి పొంతన కుదరదు. సాక్షి అబద్ధాలకోరు అవుతాడు. నిజానికి అతను తన భాషలో నిజమే చెప్పాడు.

మెహర్ సంగతి మరీ అన్యాయం. మెహర్ అంటే నిఖాలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి ఇస్తానని ఒప్పుకునే సొమ్ము. అది ఆమె హక్కు. దాన్ని 'కట్నం' అని తెలుగు చేసినవాళ్ళను విన్నాం. కట్నం ఆడపిల్లవాళ్ళు ఇచ్చేది, మెహర్ ఆడపిల్లకు వచ్చేది. 'నా మెహర్ ఇప్పించండి' అని అడిగిన ఆడమనిషి, 'నేనిచ్చిన కట్నం ఇప్పించండి' అన్నట్టయితే ఒక హక్కు మాయమై మరో కేసు పుడుతుంది. మా ఇళ్ళల్లోనూ కట్నాలు జోరుగా ఉన్నాయి, లేవని బుకాయించం. ఉన్నాయి గనుకనే ఈ రెండు మాటలూ కలిసిపోకూడదు. రెండింటికీ వేర్వేరు లెక్కలున్నాయి.

చుట్టరికాలు చూడండి. తెలుగు ఇంట్లో చిన్నాన్న కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు. ఎవరిని పెళ్ళాడవచ్చో, ఎవరిని పెళ్ళాడకూడదో పిలుపులోనే ఉంది. మా ఇంట్లో చచా కూతురినీ బహెన్ అనే అంటాం. ఆమెతో పెళ్ళికి మాత్రం అడ్డు లేదు. ఒక దుబాసీ దీన్ని తెలుగులో 'ఈమె ఈయన చెల్లెలే, పెళ్ళి చేసుకున్నాడు' అని చెబితే విన్న ఆఫీసరు ముఖం ఎలా మారుతుందో ఊహించండి. మాటకు మాట చూస్తే తప్పేమీ లేదు. కానీ వినేవాడి మనసులో ఒక కుటుంబం మురికైపోయింది. ఆ తర్వాత ఆ కుటుంబం ఏం చెప్పినా ఆ మురికిలోంచే వినబడుతుంది.

'దిల్ ఘబ్రారా' అని మా ఆడవాళ్ళు దవాఖానాలో చెబుతారు. దిల్ అంటే గుండె గనుక గుండెనొప్పి అని చెప్పేవాళ్ళున్నారు. అది దడ, ఆందోళన, ఊపిరాడనట్టు ఉండటం. కొన్నిసార్లు ఇంట్లో పడుతున్న బాధకు ఆమె పెట్టుకున్న పేరు కూడా. ఇక్కడ దుబాసీ చెప్పకముందే ఒక ప్రశ్న అడగాలి.

'మా మస్జిద్ షహీద్ అయింది' అంటాడు ఒక ముసలాయన. పాత మస్జిద్‌ను కొత్తగా కట్టడానికి ఊరివాళ్ళే విప్పినా మేం ఆ మాటే వాడతాం. మస్జిద్‌ను కూలగొట్టారు, పగలగొట్టారు అనడానికి నోరు రాక వాడే మర్యాద మాట అది. 1992 డిసెంబరు 6 తర్వాత బాబ్రీ గురించి అదే మాట ఏడుస్తూ అన్నాం. పోలీసు ఠాణాలో ఆ మాటకు 'ప్రాణత్యాగం', 'అమరత్వం' అని తెలుగు చెబితే, ఇంటి కప్పుకు చందా అడిగే ముసలాయన మరెవరిలానో కనిపిస్తాడు. మా మాటల్లో కొన్నింటికి ఈ దేశంలో ముందే అర్థాలు రాసిపెట్టి ఉన్నాయి. మేం పలికేలోపే వినేవాడు ఆ అర్థాన్ని వినేస్తాడు. అలాంటిచోట దుబాసీ తెలియకపోవడం చిన్న లోపం కాదు. దాని ధర ఒక మనిషి స్వేచ్ఛ కావచ్చు.

ఇది మా ఒక్కరి గొడవే అనుకుంటే పొరపాటు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో, క్యూబా నుంచి వచ్చిన కుటుంబంలో 18 ఏళ్ళ కుర్రాడు స్పృహ తప్పాడు. ఏదో తిన్నది పడలేదనే ఉద్దేశంతో ఇంటివాళ్ళు 'ఇంటాక్సికాడో' అన్నారు. క్యూబా స్పానిష్‌లో ఆ మాట తిన్నదో తాగినదో ఒంటికి పడకపోవడాన్ని చెబుతుంది. ఇంగ్లీషులో దానికి తోబుట్టువులా ఉన్న మాట మత్తును చెబుతుంది. డాక్టర్లు మత్తుమందు ఎక్కువైందని తేల్చి ఆ వైద్యమే చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావం. రెండు రోజుల తర్వాత అసలు సంగతి తెలిసింది. అప్పటికే కాళ్ళూ చేతులూ పడిపోయాయి. జీవితకాలానికి లెక్కగట్టిన నష్టపరిహారం సుమారు 7.1 కోట్ల డాలర్లు. అక్కడ దుబాసీని పిలవనే లేదు. ఎందుకు పిలవలేదు? రెండు పక్షాలూ అర్థమైందనే అనుకున్నాయి గనుక. అర్థం కాలేదని తెలిస్తే మనిషి మళ్ళీ అడుగుతాడు. అర్థమైందనుకున్నవాడు అడగడు.

ఇక చరిత్ర. ఈ విషయంలో మేము ఏకపక్షంగా ఏడవదలచుకోలేదు. హైదరాబాద్ రాజ్యంలో 1880ల్లో పారశీ పోయి ఉర్దూ రాజభాష అయింది. అప్పుడు కచేరీ మెట్ల మీద నోరు తెరవలేక నిలబడినవాడు తెలుగు రైతు. 1921లో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ గేలి చేసింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1948 తర్వాత కుర్చీలు మారాయి. మెట్ల మీద నిలబడే మనిషి మారాడు. అతని బాధ మాత్రం మారలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశాయి. మంచిదే. కానీ బోర్డు మీద ఉర్దూ అక్షరాలు రాస్తే చదువురాని మా నానీకి ఒరిగేదేమిటి? ఆమెకు కావలసింది కిటికీ అవతల ఆమె మాట వినగల మనిషి.

అలాంటి మనుషులు తెలుగునేల మీద లేకపోలేదు. 1830-31లో కాశీయాత్ర చేసి ఆ చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్. ఆ పుస్తకం నిండా ఏ ఊళ్ళో ఏం తింటారు, ఏం మాట్లాడతారు, ఎవరితో ఎలా మెలుగుతారు అన్న ఆరా. దారి పొడుగునా మనుషుల్ని గమనించడం ఆయనకు వృత్తి నేర్పిన అలవాటేమో అనిపిస్తుంది మాకు. వెన్నెలకంటి సుబ్బారావు మద్రాసు సదరు కోర్టులో దుబాసీగా చేసి తన జీవితకథ రాసిపెట్టాడు. ఈ పనికి తెలుగులో పెద్ద వారసత్వమే ఉంది. ఇవాళ దాన్ని పదకొండేళ్ళ పిల్లల మీద వదిలేశాం.

బ్రిటిష్ కోర్టులకు మనుషుల ఆచారాలు తెలిసినవాళ్ళు కావాలన్న సంగతీ తెలుసు. అందుకే 1864 దాకా ధర్మశాస్త్రం చెప్పడానికి పండితుల్ని, షరియత్ చెప్పడానికి మౌల్వీలను, ఖాజీలను పెట్టుకున్నాయి. కానీ వాళ్ళు చెప్పింది కితాబులో ఉన్నది. దూది ఏకే మా తాత కితాబు ప్రకారం బతకలేదు. ఊళ్ళో పీర్ల పండక్కి నిప్పుల గుండం చుట్టూ తిరిగాడు, సంక్రాంతికి అరిసెలు తిన్నాడు. సంస్కృతి తెలియడమంటే మతగ్రంథం తెలియడమని అప్పుడు పొరబడ్డారు. ఇప్పుడూ పొరబడుతున్నారు.

ఈ పొరపాటు ఎంత దూరం పోతుందో చెబుతాం. మాలో దూదేకులవాళ్ళ ఇంటి భాష తెలుగు. తల్లి జోలపాటా తెలుగే, పొలం గట్టు మీద తిట్టూ తెలుగే. అయినా ఆఫీసులో ఉర్దూ మాట్లాడే ముసలమ్మ వస్తే, 'ఏయ్ మస్తాన్, ఇటు రా, మీవాళ్ళేదో అంటున్నారు చూడు' అని పిలుస్తారు. మస్తాన్‌కు ఉర్దూ రాదు. రాదంటే నమ్మరు. సాయిబు అయివుండి ఉర్దూ రాకపోవడమేమిటని ఎగతాళి. పేరు చూసి భాష అంటగట్టడం, భాష చూసి దేశం అంటగట్టడం ఒకే తానులోని ముక్కలు.

గల్ఫ్‌లో ఇంకా విచిత్రం. మాలో ఒకడు అక్కడ పనిచేస్తున్నప్పుడు, అతని గదిలో ఉండే నిజామాబాద్ కుర్రాడికి పనిలో దెబ్బ తగిలింది. కాగితాలన్నీ అరబ్బీలో. 'అన్నా, నువ్వు ఖురాన్ చదువుతవు గదా, జర చెప్పే' అన్నాడు ఆ కుర్రాడు. అన్న ఖురాన్ చదువుతాడు. మక్తబ్‌లో నేర్పిన నాజిరా చదువు. అక్షరం కూడబలుక్కుని తప్పులేకుండా చదవగలడు, అర్థం తెలియదు. అందరూ తనవైపే చూస్తున్నారు. రాదని చెప్పడానికి సిగ్గేసింది. తనకు తెలిసిన నాలుగు మాటలతో ఏదో చెప్పాడు. కుర్రాడు వేలిముద్ర వేశాడు. జీతం బకాయి వదులుకున్నట్టు రాసి ఉందని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ అన్న ఆ సంగతి చెప్పేటప్పుడు తల ఎత్తడు. 'నాకు రాదు' అని చెప్పడం దుబాసీ ధర్మాల్లో మొదటిదని మేం అక్కడ నేర్చుకున్నాం.

సెక్యులర్ మిత్రులు కొందరు మమ్మల్ని అడుగుతారు: దుబాసీ అంటే గొట్టం లాంటివాడు కదా, ఇటు పోసింది అటు రావాలి, మధ్యలో సంస్కృతి, ఆచారం అంటూ కలపడం మొదలుపెడితే తటస్థత ఏం కావాలి? చట్టం ముందు అందరూ సమానమే కదా?

ఈ ప్రశ్నను మేం తేలిగ్గా తీసుకోం. దుబాసీ వకీలు కాడు. ఒకరి తరఫున వాదించడం మొదలుపెడితే రెండో పక్షానికి అన్యాయం జరుగుతుంది. కానీ గొట్టం తటస్థమనేది భ్రమ. ఎవరి జీవితం ఆఫీసుకు ముందే పరిచయమో, వాళ్ళ మాట గొట్టంలోంచి చెక్కుచెదరకుండా వస్తుంది. ఎవరి జీవితం పరిచయం లేదో, వాళ్ళ మాట అవతలి చివరకు వచ్చేసరికి వంకరపోతుంది. 'నేనేమీ కలపలేదు' అని దుబాసీ చేతులు కడుక్కుంటాడు. నిజమే, కలపలేదు. కానీ పోయినదాన్ని ఎవరు లెక్కగడతారు?

మరి ఏం చెయ్యాలి? మాకు తోచిన దారి ఇది. అనుమానం వస్తే ముందు మాట్లాడినవాళ్ళనే అడగాలి: 'అమ్మా, ఈ మాటకు మీ ఉద్దేశం ఏమిటి?' తర్వాత వాళ్ళన్నది అన్నట్టే చెప్పాలి. ఇంకా వివరం అవసరమైతే, 'ఇది ఆమె మాట కాదు, నా వివరణ. ఈ మాటను వీళ్ళ ఇళ్ళల్లో ఇలా వాడతారు' అని విడిగా చెప్పాలి. ఆ చెప్పిన సంగతి ఆమెకూ ఆమె భాషలో చెప్పాలి. దాచి కలపడం మోసం, బయటికి చెప్పి కలపడం సాయం. ఈ గీత సన్నగా ఉన్నా కనబడేదే.

వివరణలోనూ ఒక ప్రమాదం ఉంది. వాయిదాకు వస్తావా అని అడిగితే 'ఇన్షా అల్లా' అంటాడు మావాడు. తప్పించుకుంటున్నాడని జడ్జి అనుకోవచ్చు. 'కాదండీ, వీళ్ళలో అది మాట ఇచ్చే పద్ధతి' అని దుబాసీ చెప్పవచ్చు. చాలాసార్లు అది నిజం. కానీ చందా అడిగినవాణ్ణి సాగనంపడానికి కూడా మేం ఇన్షా అల్లా అంటామని ఒప్పుకోవాలి. 'వీళ్ళలో ఇంతే' అన్న మాట నోట్లోంచి వచ్చిన క్షణంలో దుబాసీ ఎదుటి మనిషిని వినడం మానేసి జాతిని చదవడం మొదలుపెడతాడు. పోలీసు మమ్మల్ని చదివేదీ అలాగే కదా?

ఇప్పుడు మాకు చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతికి వస్తాం. దుబాసీ మావాడే అయితే చాలా? మా మొహల్లాలో ఒక కోడలు ఠాణాకు వెళ్ళింది. వీపు మీద వాతలున్నాయి. ఆమెకు తెలుగు రాదు. మొహల్లా పెద్దాయన ఒకరు, అందరూ గౌరవించే మనిషి, సాయంగా వచ్చాడు. 'రోజ్ మార్తైఁ, కల్ బెల్ట్ సే మారే' అంది ఆమె. రోజూ కొడతాడు, నిన్న బెల్టుతో కొట్టాడని. పెద్దాయన ఠాణా గోడ చూశాడు, ఎస్సై ముఖం చూశాడు. 'చిన్న గొడవలు సార్, మొగుడు కోప్పడుతుంటాడంట. మేం సర్ది చెబుతాం' అన్నాడు. ఆమె తిరిగి అదే ఇంటికి వెళ్ళింది.

ఆ పెద్దాయనకు భాష తెలియదనగలమా? రెండూ బాగా వచ్చు. సంస్కృతి తెలియదనగలమా? మాకందరికీ ఆయనే చెప్పేవాడు. ఆయన దుర్మార్గుడు కూడా కాదు. 'వాళ్ళ ముందు మన పరువు పోతుంది. ఇప్పటికే మనల్ని ఏమనుకుంటున్నారో తెలుసు కదా' అన్నాడు మాతో. ఆ భయం మాకు తెలుసు. మా ఎముకల్లో ఉంది. ముస్లిం మగాడు క్రూరుడని ముందే రాసిపెట్టుకున్న ఠాణాలో నిజం చెబితే ఆ రాతకు సాక్ష్యం ఇచ్చినట్టవుతుందనే భయం. కానీ ఆ భయం ఖరీదు ఎవరు కట్టారు? పెద్దాయన కట్టలేదు. మేం కట్టలేదు. వాతలు పడ్డ వీపు కట్టింది.

నిఖా వేళ పెళ్ళికూతుర్ని అడిగి, ఆమె తల వంచుకుని ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్కపెట్టే అలవాటు మాలో ఉంది. ఆడదాని మౌనానికి మేమే అర్థం చెప్పేసి, మేమే సంతకం పెట్టేసే అలవాటది. ఠాణాలో పెద్దాయన చేసిందీ అదే. ఆమె మౌనంగా లేదు. నోరు తెరిచి చెప్పింది. అయినా ఆమె మాటను మౌనం చేశాడు.

దవాఖానాలో పిల్లాడు సిగ్గుతో దాచాడు. ఠాణాలో పెద్దాయన పరువు కోసం దాచాడు. ఇద్దరికీ సంస్కృతి తెలుసు. ఆ తెలివి పిల్లాడి నోరు కట్టేసింది, పెద్దాయన దాన్నే అడ్డం పెట్టుకున్నాడు. నర్సమ్మకు మా సంస్కృతి గురించి పెద్దగా తెలియదు. తెలిసిన ఆ కొంచాన్నీ అమ్మీ నోరు తెరిపించడానికి వాడింది. ఇన్నేళ్ళ ఆలోచన తర్వాత మేం చెప్పగలిగింది ఇదే. దుబాసీకి సంస్కృతి తెలియాల్సింది సంస్కృతిని కాపాడడానికి కాదు, ఆ సంస్కృతి లోపల నిలబడి మాట్లాడుతున్న ఒక్క మనిషిని వినడానికి. ఆ మనిషి కొన్నిసార్లు తన సంస్కృతి మీదే ఫిర్యాదు చేస్తుంది. అప్పుడు కూడా ఆమె మాటే చేరాలి.

అందుకే మేం అడిగేది పెద్దదేమీ కాదు. దవాఖానాల్లో, ఠాణాల్లో, కోర్టుల్లో మా మాట వినడానికి నేర్చిన మనుషుల్ని పెట్టండి. వాళ్ళలో ఆడవాళ్ళు ఉండాలి. లక్నో ఉర్దూ పరీక్ష పాసైతే చాలదు, పర్సోం అంటే ఏమిటో తెలియాలి. ముస్లింలే కానక్కర్లేదు. ఊడ్చే ఖాలా పక్కన కూర్చుని నేర్చుకునే ఓపిక ఉంటే ఎవరైనా ఫరవాలేదు. పిల్లల చేత తల్లుల రోగాలు చెప్పించడం ఆపండి. ఈ మాట మా ఒక్కరి కోసమే కాదు. ఆదిలాబాద్ గోండు తల్లికి, అరకు నుంచి విశాఖ దవాఖానాకు వచ్చిన కొండ మనిషికి, ఒడియాలోనో బెంగాలీలోనో ఏడ్చే ఇటుకబట్టీ కూలీకీ ఇదే కావాలి.

మా తరఫున మేమూ ఒక మాట ఇస్తాం. మా ఆడవాళ్ళ మాటను మా పరువు కోసం మధ్యలో తుంచం. వాళ్ళన్నది వాళ్ళన్నట్టే చెబుతాం. అది మాకు నచ్చకపోయినా, వినేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వినా. ఇన్షా అల్లా అని ఈ మాటకు తోకగా పెట్టడం లేదు. ఎందుకో మీకిప్పుడు తెలుసు.

అమ్మీ ఇప్పుడు ముసలిదైంది. దవాఖానాకు ఇప్పటికీ మాలో ఎవరో ఒకరం వెంట వెళ్తాం. లోపలికి వెళ్ళేముందు, 'అమ్మీ, మేం ఉండాలా, బయట కూర్చోవాలా?' అని అడుగుతాం. ఒక్కోసారి ఉండమంటుంది, ఒక్కోసారి వెళ్ళమంటుంది. వెళ్ళమన్నప్పుడు బయట బల్ల మీద కూర్చుని, మూసిన తలుపు వైపు చూస్తూ ఉంటాం.